ఆ కమ్మదనం యాడిది?

హోటల్ పని నేర్చుకునే మీలాంటి పిల్లల ముందు మాట్లాడమని ఇప్పటికీ నన్ను అప్పుడప్పుడు పిలుస్తుంటారు. ప్లేటు ఏ పక్క నుంచి పెట్టాలి, నాప్కిన్ ఎలా మడవాలి అన్నవి మీకు మీ మాస్టర్లే నేర్పుతారు. నేను మాత్రం ఒక ఆదివారం మధ్యాహ్నం గురించి చెప్పి వచ్చేస్తాను. రిటైరయ్యాక చాలా సంగతులు మరిచిపోయాను. ఆ మధ్యాహ్నాన్ని మరిచిపోదామని ప్రయత్నించాను కూడా. కుదరలేదు.

నేను గుడియాత్తంలో పుట్టాను. నాన్న అగ్గిపెట్టెల ఫ్యాక్టరీలో పనిచేసేవాడు. మాకు ఇంట్లో తెలుగు, బళ్ళో తమిళం, ఆదివారం చర్చి. చెన్నైలో పెద్ద హోటళ్ళలో చాలా ఏళ్ళు పనిచేశాక, మోకాళ్ళ నొప్పులు మొదలై, సొంత జిల్లాకు వచ్చేద్దామా అనుకుంటున్న రోజుల్లో వేలూరులో కొత్తగా కట్టిన ఒక హోటల్ వాళ్ళు కబురు పెట్టారు. పై అంతస్తులో ఇటాలియన్ రెస్టారెంటు పెడుతున్నారట. డైనింగ్ హాలంతా నా చేతికిస్తామన్నారు.

"వేలూరులో ఇటలీ సాపాటా? ఎవురు వస్తారు తినేదానికి?" అని మా అన్న నవ్వాడు.

వచ్చారు. ఆంబూరులో చెప్పుల ఫ్యాక్టరీలు నడిపేవాళ్ళు, తమ దగ్గర సరుకు కొనడానికి వచ్చిన విదేశీయులను వెంటబెట్టుకొని వచ్చేవాళ్ళు. డాక్టర్లు వచ్చేవాళ్ళు. ఎక్కడి నుంచో వైద్యానికి వచ్చి, ఊరుగాని ఊర్లో లాడ్జిలో వారాల తరబడి ఉంటున్న కుటుంబాలు ఒక్క పూటైనా ఆస్పత్రి వాసన మరిచిపోదామని వచ్చేవాళ్ళు. కాలేజీ పిల్లలు పుట్టినరోజులకు వచ్చి తిండికంటే ఫోటోల మీద ఎక్కువసేపు గడిపేవాళ్ళు.

అందరికీ అదే తిండి. ఒకరి మాట ఇంకొకరి మాటతో కలిసేది కాదు. మా దగ్గర రిసోట్టో అని ఒక అన్నం ఉండేది. పొట్టి బియ్యాన్ని కూరగాయల రసం కొంచెం కొంచెంగా పోస్తూ, కలుపుతూ ఉడికించి, దించే ముందు వెన్న, తురిమిన చీజ్ వేస్తారు. లోపల పలుకు కాస్త మిగలాలి. ఒకాయన అది తిని, "అన్నం ఉడకలే, ఎత్తకపో" అని ప్లేటు తోసేశాడు. పక్క టేబుల్ దగ్గర ఒక డాక్టరమ్మ అదే అన్నం తింటూ తాను విదేశంలో చదువుకున్న రోజులు గుర్తొచ్చి కళ్ళు తుడుచుకుంది. ఒక జవుళి వ్యాపారి మా రొట్టెను టేబుల్ మీద టకటకా కొట్టి, "ఇది తినేదానికా, మేకులు దిగ్గొట్టేదానికా?" అని అడిగాడు. ఊరగాయ అడిగినవాళ్ళకు లెక్కలేదు. ఫోన్లలో మా గురించి రాసే రాతలూ అలాగే ఉండేవి. నెత్తిన పెట్టుకునేవాళ్ళు, నేలకేసి కొట్టేవాళ్ళు. మధ్యస్తంగా రాసినవాళ్ళు నాకు గుర్తులేరు. మా మేనేజరు చెన్నై కుర్రవాడు, పనిమంతుడే. కానీ పొద్దున లేస్తూనే ఆ రాతలు చదివేవాడు. ఆ రోజు అతని ముఖం ఎలా ఉంటుందన్నది అందులో ఏముందన్న దాన్ని బట్టి ఉండేది.

మా చెఫ్‌ది జోలార్పేట. రైల్వే ఉద్యోగి కొడుకు, తెలుగు కుటుంబం. ఓడల్లో ఇటలీ వంటవాళ్ళ కింద ఏళ్ళ తరబడి తిట్లు తిని పని నేర్చుకున్నాడు. అన్నం ఇంకొంచెం ఉడికించమని ఎవరైనా అడిగితే, తనను ఎవరో కొట్టినట్టు చూసేవాడు. "మేడం, వాళ్ళకి కావలసింది పొంగలి. కింద వీధిలో దొరకతాది, ఆడికి పొమ్మని చెప్పండి" అనేవాడు. నేను బయటికొచ్చి, "ఈ వంట పద్ధతే ఇంతండీ" అని చేతులు జోడించేదాన్ని. ఇద్దరం రోజూ పోట్లాడుకునేవాళ్ళం. అతని చేతి వంటను మాత్రం నేను ఎప్పుడూ తక్కువ చేయలేదు.

మా దగ్గరికి క్రమం తప్పకుండా వచ్చే విదేశీ అతిథుల్లో ఒక ఇటలీ పెద్దాయన ఉండేవాడు. చెప్పులు కొనడానికి ఆంబూరు వచ్చేవాడు, బస మా హోటల్లోనే. తిన్న ప్రతిసారీ చెఫ్‌ను బయటికి పిలిచి, "చేతిలో తప్పు లేదు, చీజ్‌లోనే తప్పుంది" అనేవాడు. మా చెఫ్‌కు ఆ రాత్రికి నిద్ర ఉండేది కాదు. మేము వాడేది శాకాహార చీజ్. పాలను విరగ్గొట్టడానికి అందులో జంతువుకు సంబంధించినదేమీ వాడరు. మెనూలో ఆకుపచ్చ చుక్క పెట్టుకోవడానికి ఆ ఒక్క జాగ్రత్తే మాకు ఆధారం. ఆయన ఊరి అసలు చీజ్ వేరు. దాన్ని దూడ కడుపులో నుంచి తీసిన పదార్థంతో విరగ్గొడతారు. ఎన్నో వందల ఏళ్ళుగా అక్కడ అదే పద్ధతి.

నేను చెబుతున్న ఆదివారానికి కొద్ది రోజుల ముందు వచ్చినప్పుడు ఆయన తన పెట్టెలో ఆ చీజ్ పెద్ద ముక్క ఒకటి తెచ్చి చెఫ్ చేతిలో పెట్టాడు. చెఫ్ దాన్ని ఒకసారి వాసన చూసి, కళ్ళు మూసుకొని మళ్ళీ చూశాడు. నేను అక్కడే ఉన్నాను. "ఇది ఆయన టేబుల్‌కి మాత్రమే. వెజ్‌లో కలవకూడదు" అన్నాను. "తెలీదా మేడం నాకు" అన్నాడు.

ఆ వారంలోనే గుడియాత్తం నుంచి ఒక అమ్మాయి ఫోన్ చేసింది. బజారు వీధిలో బట్టల కొట్టు వాళ్ళ కూతురు, బెంగళూరులో కొత్తగా ఉద్యోగంలో చేరింది. నా మాట విని, "మీరు మన పక్కేనా మేడం?" అని తెలుగులోకి వచ్చేసింది. వాళ్ళ అవ్వను మా దగ్గరికి తీసుకురావాలని ఆమె కోరిక. ఆ అవ్వ జన్మలో హోటల్లో చేయి కడగలేదట. బంధువుల ఇళ్ళలో కూడా ఎవరు వండారో అడిగి గాని తినదట.

"ఉల్లిపాయ, తెల్లగడ్డ, కోడిగుడ్డు ఏమీ ఉండకూడదు మేడం. ఇంగొకటి, చీజ్ ఏది వాడతారు? కొన్నిట్లో దూడది కలుస్తాదంట గదా, నేను చదివినా."

ఆ ప్రశ్న అడిగినవాళ్ళు నా ఉద్యోగంలో చాలా తక్కువ. "లేదు పాపా, మాది శాకాహారమే. నేను చూసుకుంటాను" అన్నాను. ఆ మాట చెప్పిన రోజు అది నిజమే.

ఆదివారం మధ్యాహ్నం హాలు నిండింది. కిటికీ పక్కన ఇటలీ పెద్దాయన, ఆయనతో చెప్పుల ఫ్యాక్టరీ యజమాని. మధ్యలో గుడియాత్తం కుటుంబం. కొట్టు నడిపే కొడుకు, కోడలు, మనవరాలు, వాళ్ళ నడుమ అవ్వ. చిన్న మనిషి, జరీ అంచు ముదురు రంగు చీర. కుర్చీ అంచున, ఎప్పుడైనా లేచి వెళ్ళిపోవచ్చన్నట్టు కూర్చుంది. ఫోర్కును ఒకసారి పట్టుకొని చూసి పక్కన పెట్టేసింది.

"అవ్వా, చేత్తో తినండి, ఏమీ లేదు" అన్నాను.

"నీది ఏ ఊరమ్మా?"

"గుడియాత్తమే అవ్వా."

"అట్లనా!" అని మొదటిసారి వీపు కుర్చీకి ఆనించింది.

చెఫ్ ఆమె కోసం విడిగా బాణలి పెట్టాడు. ఉల్లి వేయని కూరగాయల రసం విడిగా కాచాడు. కుంకుమపువ్వు రిసోట్టో. అన్నం ఇంకో రెండు గరిటెల రసం పోసి మెత్తగా దించాడని మా వాళ్ళు వచ్చి చెప్పినప్పుడు నేను నమ్మలేదు. ఎవరి కోసమూ అలా చేసిన మనిషి కాదు.

ప్లేటు వెళ్ళింది. అవ్వ ఒక ముద్ద పెట్టుకుంది. మేమంతా దూరం నుంచి చూస్తున్నాం. నమిలింది, ఆగింది. రెండో ముద్ద పెద్దది కలిపింది. "మన పొంగలి మాదిరే ఉండాది గదే! కానీ ఇది వేరే" అని మనవరాలితో అంది. ఆ పిల్ల ముఖం వెలిగిపోయింది. అదే సమయానికి కిటికీ పక్క నుంచి ఇటలీ పెద్దాయన చెయ్యెత్తి వేళ్ళకు ముద్దు పెట్టుకొని వంటింటి వైపు విసిరాడు. మేనేజరు నా పక్కకొచ్చి, "మేడం, ఈరోజు మనది" అన్నాడు.

చెఫ్‌కు చెబుదామని వంటింట్లోకి వెళ్ళాను. పొయ్యి పక్క బల్ల మీద రెండు ఖాళీ బాణళ్ళు. వాటి మధ్య ఇటలీ చీజ్ ముక్క, తురిమే పీట. మామూలుగా వాడే చీజ్ డబ్బా మూత కూడా తీయకుండా పై అరలో ఉంది.

"అవ్వ తింటా ఉండాదా మేడం?" అని నవ్వుతూ అడిగాడు.

"ఆమె బాణలిలో ఏ చీజ్ వేసినావు?"

నవ్వు ఆగిపోయింది. బల్ల వైపు చూశాడు, పై అర వైపు చూశాడు. "దీన్నే" అన్నాడు. "జన్మలో హోటల్లో తినని ముసలామె మేడం. ఉండే దాంట్లో మంచిది ఏస్తామని... చేతిలో ఇది ఉండాది. ఆ నిమిషానికి నాకి పాల వస్తువే అనిపించింది. ఇంగేదీ గుర్తు రాలేదు."

వెనకాలే వచ్చిన మేనేజరు మొత్తం విన్నాడు. అతను తమిళంలో, గొంతు తగ్గించి, వేగంగా మాట్లాడాడు. ఆమెకు తెలియదు. సంతోషంగా తింటోంది. ఇంకో నాలుగు ముద్దలతో అయిపోతుంది. చెబితే ఆమె సంతోషం పోతుంది, చెఫ్ ఉద్యోగం పోతుంది, హోటల్ పేరు పోతుంది. ఎవరికి లాభం? నేను కదలకపోయేసరికి, "మీరు అన్నీ తింటారు కదా మేడం, మీకెందుకు ఇంత పట్టింపు?" అన్నాడు.

"నేను తినేది ఏమిటో తెలిసి తింటాను" అన్నాను.

అంత మాట అన్నానే గాని, బయటికొచ్చాక నా కాళ్ళు అవ్వ టేబుల్ వైపు వెళుతున్నాయో, పక్కకు తప్పుకుంటున్నాయో నాకే తెలియలేదు. మేనేజరు చెప్పినవన్నీ నిజాలే. చెప్పకుండానే ప్లేటు తీసేద్దామన్న ఆలోచన వచ్చింది. అదే మంచిదనిపించింది. అవ్వ పక్కన నిలబడి ప్లేటు అంచు పట్టుకొని, "చల్లారిపోయింది అవ్వా, వేడిగా ఇంకొకటి తెస్తాను" అన్నాను.

అవ్వ రెండో అంచు పట్టుకుంది. "వద్దులేమ్మా, నాకి ఇట్లే బాగుండాది."

"కొత్తగా చేయిస్తానవ్వా, ఒక్క నిమిషం."

"ఏంటికి పారేసేది? అన్నం గదా" అని ప్లేటు తన వైపు లాక్కుంది. ఇద్దరం ఒక ప్లేటు పట్టుకొని లాగుతున్నట్టయింది. కోడలు నవ్వింది. అవ్వ కూడా నవ్వి, నా చేతి మీద తన ఎడమ చేయి వేసింది. "ఇది యా మాదిరి చేస్తారో చెప్పు ముందు. ఇంట్లో చేస్తాను."

"బియ్యం అవ్వా. కూరగాయల నీళ్ళు. కుంకుమపువ్వు. వెన్న."

"వెన్న తెలస్తా ఉండాది. ఇంగేమో ఉండాది దీంట్లో. ఆ కమ్మదనం యాడిది?"

నేను నోరు తెరిచేలోపే మనవరాలు అందుకుంది. "చీజ్ అవ్వా అది. భయపడొద్దు, వీళ్ళు శాకాహారం చీజే వాడతారు. నేను ముందే ఫోన్ చేసి అడిగినా." నా వైపు తిరిగి, "గదా మేడం?" అంది.

మీ మాస్టర్లు ఎన్ని నేర్పినా, అలాంటి ప్రశ్నకు ఎలా నిలబడాలో నేర్పరు. ఆ పిల్ల కళ్ళలో నా మీద అనుమానం అణువంతైనా లేదు. తల ఊపితే చాలు. నోరు కూడా తెరవక్కర లేదు.

"మామూలుగా అదే పాపా" అన్నాను. "ఈరోజు పొరపాటు జరిగింది. దీంట్లో వేసింది వేరే దేశం నుంచి వచ్చిన చీజ్. దూడ కడుపులోది కలుస్తుంది దానిలో. ఇప్పుడే నాకు తెలిసింది."

అవ్వ వేళ్ళ మధ్య కలిపిన ముద్ద ఉంది. దాన్ని చూసింది. ప్లేటు అంచున పెట్టింది. మిగతా మెతుకులను కూడా వేళ్ళ నుంచి ఒక్కొక్కటిగా రాల్చింది.

"దూడదా?"

"అవునవ్వా."

కొడుకు లేచిన వేగానికి కుర్చీ వెనక్కి పడింది. హాలంతా ఇటు తిరిగింది. "మీ మాట నమ్మి తీసకొస్తే మా అమ్మకి గోవుది పెడతారా?" అని అరిచాడు. మేనేజరు పరుగున వచ్చి మా ఇద్దరి మధ్య నిలబడ్డాడు. చేతులు జోడించి, ప్రశాంతంగా, "సార్, మేడం పొరపడ్డారు. మా వంటింట్లో అలాంటిది లేనే లేదు. చీజంతా శాకాహారమే, సర్టిఫికెట్ చూపిస్తాను" అన్నాడు.

నా పక్కన నిలబడి, నా ముఖం చూడకుండా అన్నాడు ఆ మాట.

అవ్వ అతన్ని చూసింది, నన్ను చూసింది. "మీ ఇద్దర్లో ఎవురు చెప్పేది నిజం?" అంది. గొంతు పెంచలేదు. నేను మళ్ళీ చెప్పబోయాను. నమ్ముతారన్న ఆశ లేదు. నమ్మకుండా ఉండాలనే వాళ్ళకు ఉంటుంది కదా.

అప్పుడు వంటింటి తలుపు తెరుచుకుంది. చెఫ్ టోపీ తీసి చేతిలో పట్టుకొని, టేబుళ్ళ మధ్య నుంచి నడిచి వచ్చాడు. అతను లోపలే ఉండిపోతాడని నేను అనుకున్నాను. ఉండిపోతే తప్పు పట్టేదాన్ని కూడా కాదు. ఇద్దరు ఆడపిల్లల తండ్రి.

"మేడం చెప్పిందే నిజం అవ్వా. ఏసింది నేనే" అన్నాడు.

"తెలిసి ఏసినావా?"

"దాంట్లో ఏముండాదో నాకి తెలుసు. మీకి పనికిరాదనీ తెలుసు. ఏసేటప్పుడు మాత్రం... మీకి బాగుండాలనే తోచింది. ఇంగేదీ తోచలేదు."

కొడుకు అతని కోటు పట్టుకున్నాడు. కిటికీ పక్కన ఇటలీ పెద్దాయన లేచి నిలబడ్డాడు. ఫ్యాక్టరీ యజమాని ఆయన చెవిలో ఏదో చెబుతున్నాడు. వింటూ వింటూ ఆయన చేత్తో నోరు మూసుకోవడం చూశాను. ఆ ముక్కను సముద్రాలు దాటించి తెచ్చింది ఆయనే మరి.

"వదులు నాయనా" అని అవ్వ కొడుకుతో అంది. "చెయ్యి కడగల్ల."

చేతులు కడిగే గదికి నేనే తీసుకెళ్ళాను. బయట తువ్వాలు పట్టుకొని నిలబడ్డాను. లోపల నీళ్ళ చప్పుడు, పుక్కిలించే చప్పుడు. ఆగి, మళ్ళీ పుక్కిలించే చప్పుడు. అది ఎంతకీ ఆగలేదు. బయటికి వచ్చినప్పుడు ఆమె నా చేతిలోని తువ్వాలు తీసుకోలేదు. చీర కొంగుతో మూతి తుడుచుకొని లిఫ్టు వైపు నడిచింది. మనవరాలు ఏడుస్తూ, "నేనే గదా పిలచకొచ్చింది, నేనే గదా" అంటూ ఆమె వెనక వెళ్ళింది. కొడుకు వెళుతూ వెళుతూ, రేపు పొద్దున్నే సత్తువాచారిలో హోటళ్ళ తిండి తనిఖీ చేసే ఆఫీసులో కంప్లైంట్ ఇస్తానని, ఈ హోటల్ మూయించి గాని ఊరుకోనని మేనేజరు ముఖం మీదే చెప్పాడు.

ఆ సాయంత్రం చెఫ్‌ను ఇంట్లో ఉండమన్నారు. నన్ను రమ్మనలేదు, వద్దనలేదు. మేనేజరు నాతో మాట్లాడలేదు. మర్నాడు ఫోన్లో రాత వచ్చింది. ఇటలీ పెద్దాయన రాసినట్టుంది. ఇండియాలో నేను తిన్న వాటిలో ఇంత మంచి రిసోట్టో లేదు, కానీ ఆ టేబుల్‌ను నేను మరిచిపోలేను అని. దాన్ని మెప్పు అనుకోవాలో, మరేమనుకోవాలో తెలియక మేనేజరు రోజంతా ఆ ఫోన్ తెరుస్తూ మూస్తూ ఉన్నాడు. ఆఫీసు నుంచి ఎవరైనా వస్తారని అందరం మెట్ల వైపు చూస్తూ పని చేశాం. ఎవరూ రాలేదు. మర్నాడూ రాలేదు. రాకపోవడం ఇంకా భయంగా ఉండింది.

చివరికి ఉండబట్టలేక నేనే చెఫ్‌కు ఫోన్ చేసి, "గుడియాత్తం పోదాం, రా" అన్నాను. వెళ్ళొద్దని, వెళితే తప్పు ఒప్పుకున్నట్టవుతుందని మేనేజరు చెప్పి ఉన్నాడు. ఒప్పుకోవడం హాలు నిండా జనం ముందే అయిపోయింది. ఇక దాచేదేముంది?

బజారు వీధిలో కొట్టు, దాని వెనక ఇల్లు. కొడుకు మమ్మల్ని చూసి, చేతిలోని బట్ట మడత పెడుతూనే, "లోపల ఉండాది" అన్నాడు. మళ్ళీ తలెత్తలేదు.

అవ్వ నడవలో చేటలో మినపపప్పు ఏరుతోంది. కూర్చోమంది. తనే లేచి స్టీలు గ్లాసుల్లో నీళ్ళు తెచ్చిచ్చింది. మనవరాలు బెంగళూరు వెళ్ళిపోయిందట. నేను సిద్ధం చేసుకున్న మాటలు మొదలుపెట్టబోతే చెయ్యెత్తి ఆపింది.

"కంప్లైంట్ వద్దని నేనే చెప్తిని మావాడికి. మీ మీద దయ అనుకోవద్దండి. ఇస్తే నేను తిన్నది ఊరంతా తెలస్తాది."

అవ్వ నా వైపు తిరిగింది.

"ఆ పొద్దు నువ్వు చెప్పకుండా ఉండింటే నాకి తెలిసేదే లేదు. నిమ్మళంగా ఇంటికొచ్చి నిద్రపోయేదాన్ని. ఏంటికి చెప్తివి?"

"మీరు అడిగినారు అవ్వా."

"అడగకుండా ఉండింటే?"

బస్సులో వచ్చేటప్పుడు అన్ని ప్రశ్నలకూ జవాబులు అనుకున్నాను. ఇది మాత్రం తట్టలేదు. ప్లేటు లాక్కోబోయిన నా చెయ్యే గుర్తొచ్చింది. "తెలీదవ్వా" అన్నాను.

అవ్వ తల ఊపింది. ఆ జవాబు ఆమెకు చాలినట్టుంది. నచ్చిందని మాత్రం చెప్పలేను. తర్వాత చెఫ్‌ను అడిగింది.

"నీది యా ఊరప్పా?"

"జోలార్పేట అవ్వా."

"బాగుండాలని ఏసినానంటివి ఆ పొద్దు."

"అవునవ్వా."

"బాగుండింది" అంది అవ్వ. చేట కింద పెట్టింది. "అదే నాకి కష్టంగా ఉండాది. పంచగవ్యం తాగితిని. ఉపాసం ఉంటిని. గుడికి పోయి తల స్నానం చేసిన తడిబట్టతో నిలబడితిని. పెద్దోళ్ళు చెప్పిందంతా చేస్తిని. ఆ రుచి మాత్రం నోట్లోంచి పోలేదప్పా. దేవుని ముందర కండ్లు మూసుకుంటే అదే గుర్తొస్తాది. ఇప్పుడేమి చేయమంటావు నన్ను?"

చెఫ్ కుర్చీలోంచి దిగి ఆమె కాళ్ళ దగ్గరికి వంగాడు. అవ్వ కాళ్ళు వెనక్కి లాక్కుంది.

"వద్దు. నాకి కోపం లేదని చెప్పను. ఉండాది. పొద్దుపోతాది, పోయి రాండి."

తర్వాత చెఫ్‌ను మళ్ళీ పనిలోకి తీసుకున్నారు. అతని వంట కోసమే వచ్చేవాళ్ళను యజమాని పోగొట్టుకోలేకపోయాడు. ఆ ఇటలీ చీజ్ మళ్ళీ మా వంటింటి గడప దాటలేదు. పెద్దాయన తెస్తానన్నా చెఫ్ వద్దన్నాడు. నేను రిటైరయ్యేవరకు మేనేజరు నాతో పని మాటలు తప్ప వేరే మాట మాట్లాడలేదు. అవేమీ నాకు అంతగా పట్టలేదు. నేను మీకు చెప్పాలనుకున్నది తిరుగు ప్రయాణం గురించి.

గుడియాత్తం బస్టాండులో బస్సెక్కి ఇద్దరం పక్క పక్కన కూర్చున్నాం. బస్సు పల్లికొండ దాటింది. చెఫ్ ముందు సీటు కమ్మీ పట్టుకొని, "మేడం, ఆయమ్మ నన్ను తిట్టిందా, మెచ్చుకుందా?" అని అడిగాడు.

నాకు రెండూ వినబడ్డాయి.

"ఓడల్లో ఎంతమంది పిలిచి చేతులు పట్టుకొని మెచ్చుకున్నారో" అన్నాడు. "ఇట్ల చెప్పినోళ్ళు ఎవురూ లేరు." కిటికీ వైపు తిరిగాడు. వేలూరు వచ్చేవరకు ముఖం ఇటు తిప్పలేదు.